బర్మింగుహాము మేయరు చేంబర్లేను

పురపాలక సంఘములలో రాజకీయములకు తావుండరాదని మన పట్టణములలోని పెద్దమనుష్యులు తరచుగా ననుచుందురు. కుళాయినీటికి కక్ష లేదనియు, మురుగుకాలువకు సిద్ధాంతము లేదనియు, వీథిదీపము వెలిగించుటకు జెండాతో పని లేదనియు వారి వాదము. వినుటకు ఇంపైన మాటయే. మేమును కొంతకాలము దానిని నమ్మినవారమే. కాని మేమెరిగిన యొక పట్టణములో నీటిగొట్టము ఏ వీథిదాక వచ్చి ఆగిపోయెనో, ఏ వీథిని తప్పించుకొని పోయెనో చూచిన పిదప ఆ నమ్మకము సడలినది. బర్మింగుహాము నగర చరిత్రము చదివిన పిదప అది పూర్తిగా పోయినది.

ఆ చరిత్రమునకు నాయకుడు జోసెఫు చేంబర్లేను. ఈ పేరు వినగానే కొందరికి బోయరు యుద్ధకాలపు వలసరాజ్యముల మంత్రి జ్ఞప్తికి వచ్చును. మరికొందరికి 1938లో మ్యూనికునుండి శాంతిపత్రము చేతబట్టి తిరిగివచ్చిన నెవిలు చేంబర్లేను తండ్రిగా తెలియును. ఒంటికంటి అద్దము, కోటు బొత్తమున ఆర్కిడు పువ్వు, వ్యంగ్య చిత్రకారులకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ముఖము. ఆతడనుభవించిన మంత్రిపదవులన్నిటికంటె, మూడేండ్లు కూడ నిండని మేయరు పదవియే గొప్పదని మా యభిప్రాయము.

ఆతడు 1836 జూలై 8వ తేదీని లండనులోని కాంబర్వెల్లున జనించెను. తండ్రి పాదరక్షల వ్యాపారి. కుటుంబము యూనిటేరియను శాఖకు చెందినది. ప్రభుత్వ మతమునకు వెలుపల నున్నవారు గనుక కులీనుల కొలువులలో వారికి చోటు తక్కువ. పదునారేండ్లకే చదువు చాలించి కుమారుడు తండ్రి కొట్టులో కూర్చుండెను. 1854లో మేనత్త భర్తయగు నెటిల్‌ఫోల్డు, కొయ్యలో దిగు మరమేకులను చేయు అమెరికా యంత్రమునకు హక్కులు కొని బర్మింగుహాములో కర్మాగారము విస్తరించెను. చేంబర్లేను తండ్రి అందు భాగము పెట్టి, పదునెనిమిదేండ్ల కొడుకును తన సొమ్మునకు కాపలాగా పంపెను. లెక్కలయందును బేరములయందును ఆ బాలునకు గల నేర్పు చెప్పనలవి గాదు. చిన్న చిన్న మేకుల వ్యాపారులు ఒక్కొక్కరే దుకాణములు మూసికొనిరి, లేదా ఆ సంస్థకు అమ్ముకొనిరి. 1874లో, తన ముప్పది యెనిమిదవ యేట, తన భాగమును విక్రయించి ధనవంతుడై వ్యాపారమునుండి విరమించెను. అంతకుముందే, 1863లో, మొదటి భార్య హారియట్టు ప్రసవమందు మరణించెను. ఆ బిడ్డయే ఆస్టిను.

ఇక పట్టణము మాట. 1871 నాటికి బర్మింగుహాములో సుమారు 3,40,000 మంది జనులుండిరి. తుపాకులు, బొత్తములు, కలముల పాళీలు, ఇత్తడి సామాను, ఏమి కావలసినను అచ్చట చేయుదురు. 1838లో ఆ పట్టణమునకు పురపాలక సభ ఏర్పడెను. కాని ఆ సభ యేమి చేసెనని యడిగిన, చేయకుండుటయే తన ధర్మమని తలచెనని చెప్పవలసియుండును. 1850 దరిదాపుల జోసెఫు ఆల్డే యను నాతని నాయకత్వమున పొదుపు కక్షివారు పెత్తనమునకు వచ్చిరి. సభాకార్యములు సభామందిరమునకంటె ముందుగా వుడ్మను అను పానశాలలో తేలిపోవుచుండెను. రోడ్లు, మురుగుకాలువలు చూచు అనుభవశాలియగు సర్వేయరును 1857లో తొలగించి, తక్కువ జీతముతో మరియొకరిని నియమించుకొనిరి. జీతము మిగిలినది, మురుగు నిలిచినది.

వీరు దుర్మార్గులని మేమనము. అధికసంఖ్యాకులు చిన్న దుకాణదారులు, పది యిండ్లు కట్టి అద్దెకిచ్చుకొనువారు. ఆ కాలమున ఇంగ్లాండులో పట్టణ పన్ను ఇంటి అద్దె విలువను బట్టి పడుచుండెను. కాలువ త్రవ్వించిన పన్ను పెరుగును. పన్ను పెరిగిన అద్దెలో మిగులు తరుగును. కావున పన్ను పెంపనివానికే ఓటు. దీనికి రాజకీయము కాదని పేరు పెట్టుకొనిరి గాని, ఇంతకంటె నిక్కమైన రాజకీయ మేది? ఊరి మురుగంతయు టేము అను చిన్న నదిలో పడుచుండెను (లండను థేమ్సు వేరు). దిగువ భూస్వామియగు ఆడర్లీ న్యాయస్థానమునకు పోయి 1858లో నిషేధాజ్ఞ తెచ్చెను. దిగువవారికి ఆ పట్టణములో ఓటు లేదు. అందుచేత వారి ముక్కులకు కోర్టు తప్ప గతి లేకపోయినది. ఏటి దిగువన పొలములున్న మన పాఠకులకు ఈ బాధ వేరుగ వివరింప నక్కరలేదు.

నీటి సంగతి మరింత ఘోరము. జనములో సుమారు సగముమంది బావులమీద ఆధారపడి యుండిరి. ఇరుకు పెరళ్లలో పాయఖానా గుంటకును బావికిని నడుమ నాలుగు మూరల నేల మాత్రమే యుండిన చోట్లు గలవు. కుళాయినీరు ఒక ప్రైవేటు కంపెనీది, గ్యాసు రెండు ప్రైవేటు కంపెనీలది. ఆ గ్యాసు కంపెనీలు రెండును ఒకే వీథిని వేర్వేరుగ త్రవ్వుచు, పూడ్చుచు, వాటాదారులకు లాభము పంచుచుండెను.

ఈ స్థితి మారుటకు మొదటి కారణము చేంబర్లేను కాదు. జార్జి డాసను, డేలు అను మతబోధకు లిరువురు, పట్టణమును బాగుచేయుటయు దైవకార్యమే యని ఆదివారము ఆదివారము బోధించుచుండిరి. వారి ప్రసంగములు వినుచుండిన పెద్ద కర్మాగారముల యజమానులు, అంతవరకు పురసభను చిన్నచూపు చూచినవారు, వార్డులలో అభ్యర్థులుగా నిలువసాగిరి. ఇది యొకటి. రెండవది ఓటు. 1867 చట్టము పట్టణములలోని ఇల్లుగల పనివారికి పార్లమెంటు ఓటు నిచ్చెను. 1869 చట్టము పురపాలక ఎన్నికలకు నివాస కాలపు నిబంధనను సడలించి, పన్ను కట్టు స్త్రీలకును ఓటు కల్పించెను. పన్ను తగ్గిన సంతోషించువాడొకడే కాక, నీరు లేక బిడ్డను పోగొట్టుకొన్నవాడును ఓటరాయెను.

చేంబర్లేను 1869లో పురసభలో ప్రవేశించెను. అదే సంవత్సరము నిర్బంధ ప్రాథమిక విద్యకై జాతీయ విద్యాసమితిని నెలకొల్పినవారిలో నొకడాయెను. 1870 పాఠశాలా సభ ఎన్నికలో ఆతని లిబరలు కక్షికి మంచి గుణపాఠము దొరకినది. స్థానములు పదునైదు; ప్రతి ఓటరునకు పదునైదు ఓట్లు, అన్నియు నొకనికే వేయవచ్చును. లిబరలులు ఆశపడి పదునైదు మందిని నిలిపి ఓట్లు చెదరగొట్టుకొనిరి, ఆరుగురే గెలిచిరి. నాటినుండి వారి సంఘము వార్డు వార్డునకును కమిటీలు వేసి, ఇంటింటి జాబితా వ్రాసి, ఎవరికి ఓటు వేయవలెనో ముందుగ నిర్ణయించి చెప్పు పద్ధతిని కట్టుదిట్టము చేసినది. 1873లో పాఠశాలా సభయు చిక్కినది, పురసభయు చిక్కినది. ఆ నవంబరులో చేంబర్లేను మేయరాయెను. 1874లోను 1875లోను మరల ఎన్నుకొనబడెను.

ఈ యంత్రాంగమును ప్రతిపక్షులు కాకసు అని గేలిచేసిరి. అమెరికా పట్టణములలోని కక్షిదాస్యము ఇంగ్లాండునకు దిగుమతి యైనదనిరి. ఆ నింద పూర్తిగా అబద్ధమనలేము. కక్షి కట్టుబాటున సభ్యుని స్వబుద్ధి కొంత నలుగును. కాని లక్షల పౌనుల అప్పునకు చేయెత్తు సభ్యుడు, రేపు తన వార్డులో తనవెంట నిలుచువా రెవరో తెలియకున్న చేయి యెత్తడు. వెనుక బలము లేని సజ్జనుడు పొదుపే మాటలాడును.

1874 జనవరిలోనే గ్యాసు కంపెనీలను కొనవలెనను ప్రతిపాదనను సభముందుంచెను. బర్మింగుహామునకు పాత నగరములకు వలె వంశపారంపర్య భూములు, రేవు సుంకములు లేవు. పన్ను పెంచిన ప్రజ గోలపెట్టును. కావున ఊరికి ఆదాయము నిచ్చు ఆస్తి యొకటి కావలెను. వీథులు ఊరివి, వెలుగు ఊరికి, లాభము మాత్రము ఎవరికో పోనేల యని ఆతని వాదము. బేరమాడుటలో ఆతడు మేకుల వ్యాపారమునాటి మనుష్యుడే. సుమారు 20 లక్షల పౌనులకు బేరము కుదిరెను. 1875లో పార్లమెంటు చట్టముచేత ఖాయమైనది. మొదటి యేడే 34,000 పౌనులు లాభము వచ్చినది. పన్ను పెంపకయే పనులకు సొమ్ము దొరకెను. సూక్ష్మముగ చూచిన, ఇదియు నొక పన్నే. గ్యాసు కాల్చువాడు ధరలో చెల్లించును. ఆ దినములలో ఇండ్లలో గ్యాసు కాల్చువారు దుకాణదారులును కలిగినవారును; కూలివాని గదిలో క్రొవ్వొత్తియే. ఆ సంగతి చేంబర్లేను బిగ్గరగ చెప్పలేదు గాని, లెక్క తెలియనివాడు కాడు.

నీటి విషయమున ఆతడు వేరు సూత్రము పట్టెను. గ్యాసు సుఖము, నీరు ప్రాణము. గ్యాసుమీద లాభము తీయవచ్చును, నీటిమీద కూడదు. మిగులు వచ్చినచో నీటి ధర తగ్గింపవలెనే గాని పురనిధికి చేర్పరాదని పార్లమెంటు విచారణ సంఘము నెదుటనే చెప్పెను. 1876 జనవరిలో 13,50,000 పౌనులకు నీటి కంపెనీ పురసభ పరమైనది. దీని ఫలము కాగితముమీద కనబడదు, పెరళ్లలో కనబడును. అంతకుముందు ఆరోగ్యాధికారి యొక బావి చెడినదని మూయింపబోయిన, ఆ పేదవాడు కంపెనీవద్ద నీరు కొనుక్కొనవలెను. మూయించిన సభ్యునకు ఆ వార్డులో తిట్లు దక్కును. గొట్టము ఊరిదైన పిదప, చెడ్డ బావి మూయుటయు మంచినీరిచ్చుటయు ఒకే చేతిపని యాయెను. తరువాతి సంవత్సరములలో ఆరోగ్యాధికారి డాక్టరు హిల్లు బావుల వెంట బావులు మూయించెను.

ఈ పనుల నడుమనే, 1875 ఫిబ్రవరిలో, రెండవ భార్య ఫ్లారెన్సును ప్రసవమందే పోయెను. ఆరుగురు బిడ్డలు తల్లిలేనివారైరి. ఆతడు దైవముమీది విశ్వాసమును అప్పుడే పోగొట్టుకొనెనని జీవితచరిత్రకారులు వ్రాయుదురు. ఇంటి దుఃఖమును మరచుటకో యేమో, పురసభ పనిలో మరింత తీవ్రముగ మునిగెను.

ఆ జూలైలో తెచ్చినది మూడవ పథకము. అప్పటి హోం మంత్రి క్రాసు కన్సర్వేటివు. అయినను పనివారి వాసగృహముల చట్టమును రచించునపుడు చేంబర్లేనును సంప్రదించెను. ఆ చట్టముచేత ఊరి నడిబొడ్డున మురికివాడలను, నలుబది యెకరములకు పైబడి కొని, పడగొట్టి, కార్పొరేషను వీథియను రాచబాట వేయ సంకల్పించిరి. ఇండ్ల యజమానులు గోలపెట్టిరి, విచారణ జరిగినది, లండను ప్రభుత్వము తుదకు సమ్మతించినది. చేంబర్లేను స్వంతముగ 10,000 పౌనులు చందా యిచ్చెను. 1878లో వీథి పని మొదలైనది. భూమిని విక్రయింపక 75 ఏండ్ల కౌలునకే యిచ్చిరి. గడువు తీరినపుడు భూమియు దానిమీది కట్టడములును ఊరివగును. మనుమల కాలమునకు బర్మింగుహాము భాగ్యవంతమగునని లెక్క. భూమి విలువ తెలిసిన మన పాఠకులు ఈ యుపాయమును మెచ్చుకొనక మానరు.

కాని ఆ నేలమీద మునుపు నివసించుచుండినవా రేమైరి? వారికి ఇండ్లు కట్టించుట ఖర్చని పురసభ తలచెను. అంగళ్లు లేచినవి, కార్యాలయములు లేచినవి, తరువాత న్యాయస్థాన భవనము లేచినది. ఆ ప్రాంతమున మరణముల సంఖ్య 1873–75లో వేయింటికి సుమారు 53 ఉండగా 1879–81 నాటికి 21కి దిగినదని లెక్కలు చెప్పును. ఈ యంకెను చూచి చేంబర్లేను భక్తులు జయము పలుకుదురు. మాకు కలుగు సందేహ మొక్కటే: చచ్చుట తగ్గినది ఆ మనుష్యులకా, ఆ స్థలమునకా? అచ్చట చచ్చుచుండినవారిని అచ్చటనుండి లేపివేసిరి గదా! వారు ప్రక్క సందులలో మరింత ఇరుకుగ సర్దుకొనిరి, కొందరు శివారులకు పోయిరి. పురసభ తానుగా పనివారికి ఇండ్లు కట్టుట 1890లోగాని మొదలు కాలేదు. మొదట కట్టినవి 22 ఇండ్లు. పూరిగది నుండి గదికి మారుచుండు అద్దెవానికి ఓటరు జాబితాలో పేరు నిలుచుట దుర్లభము. ఇంటి యజమాని నష్టపరిహారము పొందెను. అద్దెవాడు తన మూట తాను మోసికొనెను. దూరమున వేల్సు దేశమునను ఇదే కథ మరల జరిగినది. 1892 చట్టముతో ఎలాను లోయలో ఆనకట్టలు కట్టి, 73 మైళ్ల దూరమునుండి నీరు తెచ్చి, 1904లో ప్రారంభోత్సవము చేసిరి. బర్మింగుహామునకు అమృతమువంటి నీరు వచ్చినది. మునిగిన లోయలో భూస్వాములకు ధర దొరకినది. కౌలుదార్లకు, కూలివాండ్రకు ఏమియు దొరకలేదు.

1876లో చేంబర్లేను పార్లమెంటు సభ్యుడై మేయరు పదవి వదలెను. 1880లో గ్లాడ్‌స్టను మంత్రివర్గమున చేరెను. ఆ ప్రభుత్వకాలముననే, 1882 మే 18వ తేదీని, రిప్పను ప్రభువు మన దేశమున స్థానిక స్వపరిపాలన తీర్మానమును ప్రకటించెను. అందు చేంబర్లేను చేయి గలదని మేమనము. ఇండియా శాఖ ఆతనిది కాదు. కాని రెండు చోట్ల జరిగినది పోల్చి చూడదగినది. బర్మింగుహామువారు మొదట ఓటు పొందిరి, తరువాత అప్పు చేసిరి. లక్షల పౌనుల భారమును మోయుటకు జంకలేదు. మన దేశమున పురపాలనము పైనుండి ఉత్తరువుగా దిగినది. చీరాల పేరాలలో ప్రజల కోరికకు విరుద్ధముగ మునిసిపాలిటీని పెట్టి పన్ను హెచ్చించినపుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున వేలకొలది జనులు ఇండ్లు విడిచి ఊరి వెలుపల రామనగరమున పాకలు వేసికొని పదునొకండు మాసములు గడపిరి. వారు దీపములను ద్వేషించినవారు కారు. తమ్మడుగక తమపై వేసిన పన్నును తిరస్కరించిరి.

ఈ భేదము చేంబర్లేనునకు తెలియనిదా? తెలియును, అందుచేతనే ఆతని తరువాతి చరిత్రము చదువరికి కష్టము కలిగించును. ఐర్లండునకు స్థానిక సంఘములు, కేంద్ర బోర్డు ఇచ్చుటకు 1885లో ఆతడే పథకము వేసెను. రోడ్లు, బడులు, కాలువలు వారే చూచుకొనవచ్చును. కాని పార్లమెంటు మాత్రము కూడదు. 1886లో స్థానిక ప్రభుత్వశాఖకే అధ్యక్షుడై యుండి, హోంరూలు బిల్లునకు అసమ్మతి తెలిపి రాజీనామా నిచ్చెను. కక్షి చీలెను, బిల్లు ఓడెను. వుడ్మను పానశాల పెత్తనమును కూలద్రోసినవాడు, కన్సర్వేటివులతో చేతులు కలిపి 1895లో వలసరాజ్యముల మంత్రియై, 1899 మొదలు 1902 వరకు దక్షిణాఫ్రికాలో రైతు కుటుంబములను కంచెల శిబిరములలో చావనిచ్చిన యుద్ధమును సమర్థించెను. మురుగుకాలువను ప్రజల చేతికిచ్చినవాడు, రాజ్యమును ఈయనొల్లడాయెను. అధికారులు మన కిచ్చిన పురపాలనమును ఇదే కొలతతో కొలిచి యిచ్చిరని ఆ కాలపు పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. పెద్దకుమారుడు ఆస్టిను 1915 నుండి 1917 వరకు భారతమంత్రిగ నుండెను. రెండవ కుమారుడు నెవిలు తండ్రివలె బర్మింగుహాము మేయరై, 1916లో పురపాలక పొదుపు బ్యాంకును స్థాపించి, తరువాతనే ప్రధానమంత్రి యాయెను.

చేంబర్లేను కూర్చిన ఆస్తులు ఊరిచేతిలో నిలువలేదు. గ్యాసు 1949లో జాతీయ మైనది, 1986లో మరల ప్రైవేటు వాటాదారులకు పోయినది. నీరు 1974లో ప్రాంతీయ సంస్థకు మారి, 1989లో కంపెనీ పాలైనది. ప్రతి మార్పునకును లండనులో నొక కక్షి గెలుపు కారణము. 2023 సెప్టెంబరులో ఆ నగరసభ, చట్టరీత్యా తప్పనివి దక్క క్రొత్త వ్యయమేదియు చేయజాలమని ప్రకటింపవలసి వచ్చినది. స్త్రీ ఉద్యోగులకు ఈయక నిలిపిన సమాన వేతనపు బాకీ యొకటి, లెక్కల కంప్యూటరు ఏర్పాటు చెడుట యొకటి, పై ప్రభుత్వము ఏండ్ల తరబడి కోసిన సహాయద్రవ్య మొకటి. ఏది యెంత కారణమో చెప్పువాని కక్షినిబట్టి మారుచుండును.

1906 జూలైలో ఆతని డెబ్బదవ జన్మదినమును బర్మింగుహాము ఉత్సవముగ జరిపినది. కొలది దినములకే పక్షవాతము తగిలి మాట తడబడెను. ఎనిమిదేండ్లు అట్లు గడపి, 1914 జూలై 2వ తేదీని, మహాయుద్ధమునకు నెల ముందు, లండనులో మరణించెను. వెస్టుమినిస్టరు ఆబీలో సమాధి చేయుటకు స్థలమిత్తుమని పిలుపు వచ్చినది. కుటుంబమువారు వలదని, దేహమును రైలులో బర్మింగుహామునకు కొనిపోయి, కీ హిల్లు శ్మశానమున, తన చేతి కాలమున చనిపోయిన యిరువురు భార్యల చెంత పూడ్చిరి.